సెటిలైపోయింది, ఇక మీరేం...

మొన్న రత్నం పిన్ని వారం రోజులుందామని మా ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే పక్క ఫ్లాటావిడ పెరుగు తోడు కోసం వచ్చి, హాల్లో అటూ ఇటూ తిరుగుతున్న పిన్నిని చూసి, "పిన్నిగారు ఎక్కడ సెటిలయ్యారండీ?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని కిటికీ దగ్గర్నుంచి, "ఇంకా ఎక్కడా నచ్చలేదమ్మా, చూస్తున్నాను," అంది. డెబ్బై దాటిన మనిషి నోట ఆ మాట విని, నవ్వాలో ఊరుకోవాలో తెలియక ఆవిడ గిన్నె పుచ్చుకుని వెళ్లిపోయింది. పిన్ని మాత్రం ఏమీ అననట్టే బాల్కనీలోకి వెళ్లి తులసి మొక్కకి నీళ్లు పోసి, మళ్లీ వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో మరిచిపోయి మూసేసింది. ఆ పూటంతా నాకూ కాలు నిలవలేదు. పాతికేళ్ల పైచిలుకు పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పిన దాన్ని. మా ఇంట్లో ఒక మనిషి బతుకును అటు తిప్పాల్సింది ఇటు తిప్పిన ఆ ఒక్క మాటకి అర్థమేమిటో నిఘంటువు తీసి ఒక్కనాడూ చూడలేదన్న సంగతి అప్పుడే తట్టింది.

నేను హైస్కూల్లో చదువుతున్న రోజుల్లో వన్ టౌన్‌లో మా తాతయ్య వాళ్లింట్లో ఉండేదాన్ని. అమ్మకి నాన్న ఉద్యోగంతో ఊళ్లు తిరగడం సరిపోయేది, అందుకని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేసింది. కింద తాతయ్య ఇత్తడి సామాన్ల కొట్టు, పైన మేం. పొద్దున్నే లేచేసరికి వీధిలో తోపుడు బళ్ల చప్పుడు, పక్క గోడౌన్లోంచి ఎండుమిరపకాయల ఘాటు, ఆ వెనకే ఎక్కడినుంచో బెల్లం వాసన. తుమ్మకుండా పళ్లు తోముకున్న రోజు నాకు గుర్తులేదు. అమ్మమ్మది చల్లపల్లి పక్క పల్లె. కాలవ నీళ్లు తాగి పెరిగిన మనిషి కాబట్టి పట్నంలో కుళాయి నీళ్లని కూడా ఆవిడ నమ్మేది కాదు. అందులోనూ వరద రోజుల్లో కుళాయిలోంచి కూడా ఎర్రనీళ్లే వచ్చేవి. బిందెలు నింపి, ఇండుపగింజని సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని పెద్ద మట్టికుండలో నీళ్లకు కలిపి, "ఇక దీని జోలికి ఎవరూ రాకండి, తేరనివ్వండి," అని మూత పెట్టేది. కుండ కింద ఎండుగడ్డి మెలిపెట్టి చుట్టిన కుదురు ఉండేది. ఆ కుదురు ఏ మాత్రం పక్కకి జరిగినా కుండ ఊగేది, కుండ ఊగితే అడుగున దిగిన మట్టి మళ్లీ పైకి లేచేది. రోజూ అలాగే లేచేది, ఎందుకంటే ఆ ఇంట్లో రత్నం పిన్ని ఉండేది.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. పీట మీద కూర్చుని అన్నం తిన్నట్టు నాకు గుర్తులేదు. కంచం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో ఒక ముద్ద, మేడ మెట్ల మీద ఒక ముద్ద, పిట్టగోడ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ ఒక ముద్ద. జడ అల్లుకుంటూ లేచిపోయేది, సగం జడతోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయేది. నీళ్లు తేరేదాకా ఆగేది కాదు. గ్లాసు ముంచేసి, ఎర్రనీళ్లే గటగటా తాగేసి, మూత వంకరగా పడేసి వెళ్లేది. "నీకు కుదురనేది ఆ దేవుడు పెట్టలేదే," అని అమ్మమ్మ తిట్టేది. ఆ తిట్టు మా ఇంట్లో పొద్దుటి కాఫీ లాంటిది. అది లేకుండా తెల్లవారేది కాదు.

ఆ ఇంటికి ఇంగ్లీషు మాటలు రెండు దారుల్లో వచ్చేవి. ఒకటి తాతయ్య కొట్టు. బేరగాళ్లు వచ్చి కూర్చుని, బిందెల మీద వేళ్లతో కొట్టి చూసి, చివరికి లేచేటప్పుడు తాతయ్య "సెటిలైంది" అంటే బేరం కుదిరినట్టు, సరుకు బండెక్కినట్టు. రెండోది మా మావయ్య, అంటే పిన్నికి అన్నయ్య. ఉయ్యూరులో చెరుకు వేసేవాడు. తగాదాలు తీర్చడం ఆయనకి వ్యవసాయం కన్నా ఇష్టం. కాలవ నీళ్ల వంతుల దగ్గరా, పొలం గట్ల దగ్గరా ఎవరు కొట్టుకున్నా ఖద్దరు చొక్కా వేసుకుని వెళ్లి మధ్యలో కూర్చునేవాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ "సెటిల్ చేసేశా" అంటే ఆ గొడవ అక్కడితో ముగిసినట్టు, ఇక ఎవరి దారి వాళ్లదని. తండ్రీ కొడుకులు ఒకే మాటని ఇన్నేళ్లు ఒకే ఇంట్లో వాడుకున్నారు. ఇద్దరూ ఒకే అర్థంలో వాడుతున్నారా అని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఏడు వరద తగ్గే రోజుల్లో పిన్నికి రెండు కబుర్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. బందరులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరమని ఆర్డరు. వచ్చే సోమవారానికి చేరాలి, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. రెండోది ఉయ్యూరు సంబంధం. అబ్బాయి కెమిస్టు, మావయ్య ఎరిగిన కుటుంబం. "సంబంధం సెటిలైతే ఉద్యోగం ఊసు ఎత్తొద్దు. అవకపోతే అప్పుడు చూద్దాం," అన్నాడు తాతయ్య. పిన్ని ఏది కోరుకుందో ఆ రోజుల్లో నాకు తెలియదు. అడిగితే, "ఏదో ఒకటి తేలితే చాలే బాబూ, ఈ మధ్యలో ఉండటం నావల్ల కావట్లేదు," అనేది. అంటూనే లేచి పోయేది.

పెళ్లిచూపులకి వాళ్లు మా ఇంటికే వచ్చారు. పిన్నిని చాప మీద కూర్చోబెట్టారు. పాపం, కూర్చుంది. కాసేపటికి పాలు పొంగుతున్న వాసన వచ్చిందని లేచింది. వచ్చి మళ్లీ కూర్చుంది. అంతలో వంటింట్లో కుళాయి బుసకొట్టింది. వన్ టౌన్‌లో నీళ్లొచ్చేది కాసేపే. ఆ చప్పుడు వింటే చాలు వీధి వీధంతా బిందెలు పట్టుకుని లేస్తుంది. పిన్నీ లేచింది. పెళ్లికొడుకు తల్లి ఏదో అడుగుతుంటే జవాబు సగంలో ఆపి, "నీళ్లొచ్చాయి!" అని పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు తడుపుకుని తిరిగొచ్చేసరికి పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని కూడా నవ్వింది. వాళ్ల తల్లి నవ్వలేదు.

కబురు మావయ్య చేత చెప్పిస్తామన్నారు. ఆ తర్వాత గురువారం మధ్యాహ్నం కొట్లో ఫోను మోగింది. తాతయ్యని భోజనానికి పిలవడానికి నేను అప్పుడే కిందికి దిగాను. ఉయ్యూరు నుంచి ట్రంకాల్. మూడు నిమిషాలు కాగానే గంట మోగి, ఆపరేటరు లైను తీసేసే రోజులవి. తాతయ్య ఫోనుని రెండు చేతులతో పట్టుకుని వీధంతా వినపడేలా "ఆఁ, చెప్పరా!" అని అరిచాడు. లైన్లో గరగర. కుశల ప్రశ్నలకీ, "వినపడుతోందా", "నీకు వినపడుతోందా"లకే మూడు నిమిషాలూ గడిచిపోయాయి. చివర్లో మావయ్య గొంతు నాక్కూడా వినపడింది. "అంతా మర్యాదగా సెటిలైపోయింది నాన్నా! ఇక మీరేం..." అంతే. లైను తెగింది.

ఆ తెగిన వాక్యాన్ని తాతయ్యే పూర్తి చేశాడు. మెట్లెక్కి వచ్చి, చెంబుతో కాళ్లు కూడా కడుక్కోకుండా, "సెటిలైపోయిందట! ఇక మీరేం దిగులు పెట్టుకోకండి అన్నాడు," అని ప్రకటించాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చెవికి అలాగే వినపడింది. "సెట్లయిందా!" అని అమ్మమ్మ దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. పిన్ని పిట్టగోడ దగ్గర కంచంతో నిలబడి ఉంది. కంచం తీసుకొచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, మజ్జిగన్నం దాకా కదలకుండా తింది.

ఆ మూడు నాలుగు రోజులూ పిన్ని వేరే మనిషి. బందరు ఆర్డరు మడిచి కందిపప్పు డబ్బా కింద పెట్టేసింది. జడ చివరిదాకా అల్లుకుంది. అమ్మమ్మ కుండలో గంధం కలిపాక పక్కనే మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, నీళ్లు తేరేదాకా కాపలా కాసింది. "పిన్నీ, బంతాట ఆడదాం రావే," అంటే, "కూర్చోనీవే కాసేపు," అంది. నాకెందుకో భయమేసింది. ఎప్పుడూ ఆడే గడియారం ఉన్నట్టుండి ఆగితే ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది. అమ్మమ్మ ఆనందానికి మాత్రం పట్టపగ్గాల్లేవు. కొడుకు వచ్చేదాకా ఆగమని తాతయ్య అంటున్నా వినకుండా, మంచిరోజు పోతుందని పసుపు కొమ్ములు తెప్పించి, రోకలికి మామిడాకులు కట్టి, వీధిలో ముత్తైదువులని పిలిచింది.

ఆదివారం పొద్దున ఆ రోకటి పోట్ల మధ్యలోకి మావయ్య వచ్చాడు. భుజాన చెరుకు గడల కట్టతో మెట్లెక్కి, గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది? ఈ పసుపెవరికి?"

"ఎవరికేంట్రా, నీ చెల్లెలికి! సెటిలైందని నువ్వే గదరా ఫోను చేసింది!" అన్నాడు తాతయ్య.

"సెటిలైంది నాన్నా. వాళ్లు వద్దన్నారు. మనమూ సరే అన్నాం. రేపు ఎదురుపడితే మొహం చాటేసుకోకుండా, మాట తేడా రాకుండా ముగించుకొచ్చా. అది సెటిల్ కాక మరేంటి?"

"సెటిలంటే ఖాయం కావడంరా!"

"సెటిలంటే తెగిపోవడం నాన్నా! మా ఊళ్లో ఎవర్నన్నా అడగండి!"

రోకలి పట్టుకున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఉంది. ముత్తైదువులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "పొయ్యి మీద పప్పుందండీ," అనీ, "మళ్లీ వస్తామండీ," అనీ ఒక్కొక్కరే జారుకున్నారు. అమ్మమ్మ కూలబడి, "మీ సెట్లు తగలెయ్య! ఇంతకీ వాళ్లెందుకు వద్దన్నార్రా?" అంది. మావయ్య చెరుకు కట్ట గోడకి ఆనిస్తూ ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "పిల్ల లక్షణంగానే ఉంది గానీ కుదురు తక్కువ అన్నారమ్మా."

అప్పుడందరూ పిన్ని మీద పడ్డారు. కుళాయి ఎక్కడికి పోతుందే, ఒక్క పూట నీళ్లు లేకపోతే చచ్చిపోతామా అని అమ్మమ్మ. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మాటిమాటికీ లేచే ఆడపిల్లని ఎవరు చేసుకుంటారని తాతయ్య. మావయ్య చెయ్యి అడ్డం పెట్టి, "నేను ఫోన్లోనే చెప్పబోయాను గదా నాన్నా..." అని ఏదో అనబోయాడు. "నీ ఫోను మాట నా దగ్గర ఎత్తావంటే ఊరుకోను. ఇంగ్లీషు రానివాడివి తెలుగులో ఏడవొచ్చు గదరా!" అని తాతయ్య విరుచుకుపడ్డాడు. మావయ్యకి రోషమొచ్చింది. కండువా దులిపి భుజాన వేసుకుని, మంచినీళ్లన్నా ముట్టకుండా మెట్లు దిగిపోయాడు. అందరూ ఆగిపోయాక పిన్ని లేచి, కుండ మూత తీసి, తేరిన నీళ్లలో చెయ్యి పెట్టి గిర్రున కలిపేసి, గ్లాసు ముంచుకుని తాగింది. మర్నాడు సోమవారం. కందిపప్పు డబ్బా కింది ఆర్డరు తీసుకుని తొలి బస్సుకి బందరు వెళ్లిపోయింది. తాతయ్య వద్దనలేదు, బస్టాండు దాకా రాలేదు. అమ్మమ్మ మాత్రం సగం దంచిన పసుపులో కాస్త కాగితంలో పొట్లం కట్టి సంచిలో పడేసి, గుమ్మం వెనక నిలబడి ఏడ్చింది. మిగిలిన పసుపుని ఆ ఇంట్లో ఏళ్ల తరబడి గడపలకి రాసుకున్నాం. పూసిన ప్రతిసారీ నాకు కోపమొచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

ఇంత కథా నాకు తెలిసిందే. తెలియనిది ఆ మాట సంగతి. పక్కింటావిడ వెళ్లాక నిఘంటువు దించి చూశాను. ఇంతకాలం క్రియ అనుకున్నది మొదట నామవాచకమట. సెటిల్ అంటే కూర్చునే ఆసనం, చేరగిలబడే పొడుగు బల్ల. పాత ఇంగ్లీషులో దాన్ని పలకడం ఇంచుమించు "సెట్ల్" అనేనట. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ వందల ఏళ్ల నాటి ఉచ్చారణ ఎక్కడ పట్టిందో! కుదురు లేని వస్తువుని తెచ్చి ఆసనం మీద కూర్చోబెట్టడం, అదీ సెటిల్ చేయడమంటే. నేను చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ కుండా లేదు, కుదురూ లేదు, నీళ్లు శుద్ధి చేసే మిషను గోడకి వేలాడుతోంది. కానీ మనవాళ్లు చేసిందీ అదే కదా? కుండ కూర్చునే గడ్డి చుట్ట కుదురు. కుండ కుదురుకుంటుంది, సంబంధం కుదురుతుంది, పిల్లకి కుదురుండాలి. వాళ్లు మనిషికి బల్ల వేశారు, మనం కుండకి చుట్ట చుట్టాం. పైగా పెళ్లంటే పీటల మీద కూర్చోవడమేనాయె. అయితే ఇంకో సంగతి చదివాక మళ్లీ కూర్చోలేకపోయాను. రాజీ పడటం, తగువు తీర్చుకోవడం అనే అర్థమున్న మరో పాత మాట, వేరే పుట్టుక గలది, దీనితో కలిసిపోయి ఉండొచ్చని కొందరు పండితులంటారట. అంటే తాతయ్యది ఒక మాట, మావయ్యది ఇంకో మాట. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారు. మధ్యలో నలిగింది పిన్ని.

అప్పటికీ ఇప్పటికీ తేడా చూస్తే నవ్వొస్తుంది, విసుగూ వస్తుంది. ఇప్పుడు ట్రంకాల్ లేదు, మూడు నిమిషాల గంట లేదు. మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ నుంచి సెక్రటరీ దాకా అందరి చేతుల్లోనూ ఫోనే, అందరూ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటారు. అయినా ఏ ఇద్దరినైనా వినండి, ఒకరి వాక్యం ఇంకొకరు సగంలో అందుకుని తమకి కావలసినట్టు ముగించేసుకుంటారు. సెటిలయ్యారా అన్న ప్రశ్న మాత్రం పోలేదు. ఉద్యోగమొస్తే సెటిల్, ఇల్లు కొంటే సెటిల్. మనం విషయం "తేలాలి" అంటాం, పైకి రావాలని. ఇంగ్లీషువాళ్లు "సెటిల్" కావాలంటారు, అడుక్కి దిగాలని. కుండలో నీళ్లు తేరాయని అమ్మమ్మ అనేది. ఇంగ్లీషులో ఎక్కువగా సెటిలయ్యేది మట్టి.

వారం అనుకున్నది కాస్తా నాలుగో రోజుకే పిన్ని సంచి సర్దింది. ఇప్పుడు తెనాలిలో అద్దెకుంటోంది. అంతకు ముందు గుడివాడ, భీమవరం, మళ్లీ బందరు. ఆ తర్వాత సంబంధాలు రాకపోలేదు. కూర్చోమన్న ప్రతిసారీ పిన్నికి డ్యూటీ పడేది. బస్సెక్కించడానికి వెంట వెళ్లి, బస్టాండులో బల్ల ఖాళీగా ఉంటే నేను కూర్చున్నాను. పిన్ని నిలబడే ఉంది. నేను చదివిందంతా చెప్పాను. బల్ల సంగతీ, కుదురు సంగతీ, తాతయ్యది ఒక మాట మావయ్యది ఇంకో మాట అన్న సంగతీ. పిన్ని చెవొగ్గి విని, బల్లని ఒకసారి ఎగాదిగా చూసి, "ఇదా!" అంది. నవ్వింది. నవ్వి, నా పక్కన కూర్చుంది.

"ఆ రోజు అన్నయ్య ఇక మీరేం అన్నాడు చూడు. ఆ తర్వాతేంటో నీకు తెలుసా?"

"తెగిపోయింది కదా పిన్నీ. ఆశ పెట్టుకోకండి అని ఉంటాడు."

"అందరూ అలాగే అనుకున్నారు. నేనూ అలాగే అనుకునే బస్సెక్కా. బందరులో చేరిన రెండో ఏడనుకుంటా, ఉయ్యూరు నుంచి అన్నయ్య కోర్టు పని మీద ఎవరికో ట్రంకాల్ బుక్ చేశాడు. నా బోర్డు మీదికే వచ్చింది. అవతలి మనిషి రావడానికి టైము పడుతుంటే నేనే లైన్లోకెళ్లి అడిగా. అన్నయ్యా, ఆ రోజు ఇక మీరేం అన్నావు, తర్వాతేంటని. చెప్పాడు." పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఇక మీరేం అనకండి దాన్ని. అదేనే ఆ మాట. ఇక మీరేం అనకండి దాన్ని."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిన్ని కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఆ ఇంట్లో నా పక్కన ఒక్కళ్లు కూడా లేరనే గదే నేను వెళ్లిపోయింది," అంది. "ఆ ముక్క ఆ ఆదివారం నా చెవిన పడుంటే వెళ్లేదాన్నో, ఉండేదాన్నో. వెళ్లేదాన్నేలే. కానీ ఏడుస్తూ వెళ్లేదాన్ని కాదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, టైమైపోయినా సరే, మాట మధ్యలో లైను తీసి ఎరగను. ఎన్ని మెమోలు తిన్నానో!"

తెనాలి బస్సొచ్చింది. పిన్ని ఎప్పటిలాగే అందరికన్నా ముందు లేచింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, నావైపు తిరిగి, "మీ పక్కింటావిడ మళ్లీ అడిగితే సెటిలైపోయిందని చెప్పు," అంది. వెనక జనం తోసుకుంటున్నారు. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, "ఎక్కండి మామ్మగారూ, ఎక్కండి," అన్నాడు. "ఉండు నాయనా, మాట పూర్తి కానీ," అని అతని చేతిని పక్కకి తప్పించి, బస్టాండంతా వినపడేలా నాతో అంది.

"సెటిలైపోయింది, ఇక మీరేం అనకండి దాన్ని అని చెప్పు."

అప్పుడు ఎక్కింది.